లోపలి నుంచి బయటికి తయారయ్యే పేజీ: రైల్స్ లేఅవుట్లు, టెంప్లేట్ల మీద నా రివ్యూ

ముందే చెప్పేస్తున్నా, ఇది రైల్స్ (రూబీ భాషలో వెబ్‌సైట్లు కట్టే ఫ్రేమ్‌వర్క్) మొత్తం మీద రివ్యూ కాదు. అందులో పేజీ తయారుచేసే భాగం ఒక్కదాని గురించే రాస్తున్నాను. లేఅవుట్లు (పేజీ చుట్టూ ఉండే ఫ్రేము), వ్యూలు (ఫ్రేము లోపలి విషయం), పార్షియల్స్ (పలుచోట్ల వాడుకునే చిన్న ముక్కలు), వీటన్నిటినీ నడిపించే రెండర్, అంతే. డేటాబేస్ సంగతులు, డిప్లాయ్ తలనొప్పులు ఇందులో దొరకవు.

నేను ఆరేళ్లుగా ఒకే అప్లికేషన్‌ని చూసుకుంటున్నాను. లిఫ్టు ఆగిపోయింది, పైపు కారుతోంది, లైటు వెలగడం లేదు అని జనం రాసే ఫిర్యాదులు తీసుకుని, వాటిని రిపేరు చేసేవాళ్లకు పంచే వెబ్‌సైట్ అది. బయటివాళ్లు చూసే పేజీలు ఒక రకం, ఆఫీసులో కూర్చుని పనులు పంచేవాళ్లవి ఇంకో రకం, కాగితం మీద ప్రింటు తీసుకునేవి మూడో రకం. అంటే లేఅవుట్లు మూడు, వ్యూలు వందకు కొంచెం తక్కువ. పార్షియల్స్ ఎన్నో చివర్లో చెప్తాను, ఇప్పుడే చెప్పాలంటే సిగ్గుగా ఉంది.

అంతకుముందు పీహెచ్‌పీ అనే ఇంకో భాషలో పనిచేసేదాన్ని. అక్కడ మా పద్ధతి ఒకటే. ప్రతి పేజీ మొదట్లో హెడర్ ఫైల్‌ని ఇన్‌క్లూడ్ చేయడం, చివర్లో ఫుటర్ ఫైల్‌ని ఇన్‌క్లూడ్ చేయడం. హెడర్‌లో తెరిచిన డివ్ ట్యాగు ఫుటర్‌లో మూసుకునేది. మధ్యలో ఎవరైనా ఒక డివ్ ఎక్కువ మూస్తే పేజీ మొత్తం పక్కకు ఒరిగేది. తప్పెక్కడుందా అని వెతికితే విడివిడిగా ఏ ఫైలూ సరిగ్గా లేదు, ఏ ఫైలూ తప్పు కాదు. పైగా టైటిల్ గొడవ ఒకటి. హెడర్ ముందే అచ్చయిపోతుంది కాబట్టి, పేజీకి తన పేరేంటో తెలిసేసరికి టైటిల్ ట్యాగు దాటిపోయి ఉంటుంది. అందుకని హెడర్‌ని పిలిచే ముందే ఒక వేరియబుల్‌లో పేరు పెట్టి, అది మర్చిపోతే పాత పేరే మోసుకుంటూ తిరిగేవాళ్లం.

రైల్స్‌లో మొదటిరోజే నచ్చింది ఇదే. లేఅవుట్ అంటే ఒక్క ఫైలు. తెరిచిన ప్రతి ట్యాగూ అదే ఫైల్లో మూసుకుంటుంది. మధ్యలో `<%= యీల్డ్ %>` అని ఒక్క లైను. వ్యూ వచ్చి అక్కడ కూర్చుంటుంది.

చాలామంది ఇక్కడితో అర్థమైపోయిందనుకుంటారు. నేనూ అనుకున్నాను. లేఅవుట్ పైనుంచి మొదలై, యీల్డ్ దగ్గర ఆగి, వ్యూని పిలిచి, అది పూర్తయ్యాక కిందికి దిగుతుందని రెండేళ్లు నమ్మాను. అది తప్పు. ముందు వ్యూ మొత్తం తయారవుతుంది. దాన్ని పక్కన పెట్టుకుని, ఆ తర్వాతే లేఅవుట్ మొదలవుతుంది. యీల్డ్ దగ్గరికి వచ్చేసరికి వ్యూ ఎప్పుడో సిద్ధమై ఉంటుంది, దాన్ని తీసి అక్కడ పెట్టడమే మిగిలిన పని. ఫోటో తీశాక దానికి ఫ్రేము కట్టినట్టు.

ఈ వరస తెలిస్తే కంటెంట్ ఫర్ అనే హెల్పర్ (వ్యూలో పిలుచుకునే రెడీమేడ్ మెథడ్) ఎందుకు పనిచేస్తుందో తెలుస్తుంది. వ్యూలో ఎక్కడో కింద `<% కంటెంట్_ఫర్ :టైటిల్, ఫిర్యాదు పేరు %>` అని రాస్తే, లేఅవుట్‌లో అన్నిటికంటే పైనున్న టైటిల్ ట్యాగులో అది ప్రత్యక్షమవుతుంది. కింద రాసింది పైకెలా పోయింది? వ్యూ ముందు నడిచింది కాబట్టి. పీహెచ్‌పీలో నన్ను ఏడిపించిన టైటిల్ గొడవ ఇక్కడ అసలు పుట్టనే లేదు. ఒక పేజీకి మాత్రమే కావలసిన స్టైల్‌షీటు, పక్క కాలమ్‌లో రావలసిన బటన్లు, అన్నీ ఇదే దారిలో పంపుతాను. ఒకే పేరుతో రెండుసార్లు పిలిస్తే మొదటిది పోదు, రెండోది దాని పక్కన చేరుతుంది. స్టైల్‌షీట్లకు ఇది వరం. టైటిల్‌కు మాత్రం, రెండు పార్షియల్స్ చెరొకటి పెడితే, రెండు పేర్లు అతుక్కుని విచిత్రంగా కనిపిస్తాయి.

జాంగో (పైథాన్ భాషలోని ఫ్రేమ్‌వర్క్) వాడేవాళ్లకు ఇది తిరగేసినట్టు ఉంటుంది. అక్కడ లోపలి టెంప్లేటే మొదటి లైనులో ఎక్స్‌టెండ్స్ అని తన పెద్ద టెంప్లేటు పేరు చెప్పుకుంటుంది. తర్వాత బ్లాకులు నింపుతుంది. బ్లాకు బయట రాసింది ఏదీ పేజీలో కనిపించదు. పీహెచ్‌పీ ఫ్రేమ్‌వర్క్ లారవెల్‌లోని బ్లేడ్ అనే టెంప్లేటు భాషలోనూ ఎక్స్‌టెండ్స్, సెక్షన్, యీల్డ్ అంటూ దాదాపు ఇదే దారి ఉంది. ఫైలు తెరవగానే ఇది ఏ ఫ్రేములో కూర్చుంటుందో తెలిసిపోతుంది, ఆ సుఖం నిజమే. రైల్స్‌లో వ్యూకి తాను ఏ లేఅవుట్‌లో ఉన్నానో తెలియదు, దాన్ని కంట్రోలర్ (వచ్చిన రిక్వెస్టుకు ఏం చేయాలో చెప్పే కోడ్) నిర్ణయిస్తుంది. మొదట్లో చిరాకేసింది. మూడు రకాల పేజీలు మొదలయ్యాక అదే బాగుందనిపించింది. ఫిర్యాదు వివరాలు చూపించే వ్యూ ఒక్కటే. ఆఫీసు కంట్రోలర్ దాన్ని ఆఫీసు లేఅవుట్‌లో చూపిస్తుంది, ప్రింటు యాక్షన్ (కంట్రోలర్‌లోని ఒక మెథడ్) అదే వ్యూని మెనూలు లేని తెల్ల లేఅవుట్‌లో చూపిస్తుంది. వ్యూలో ఒక్క అక్షరం మారలేదు. జాంగోలోనూ ఎక్స్‌టెండ్స్‌కి వేరియబుల్ ఇచ్చి ఈ పని చేయించుకోవచ్చు గానీ, ఇక్కడ అది పక్కదారి కాదు, అసలు దారే.

ఒక చిన్న హెచ్చరిక. లేఅవుట్ల ఫోల్డర్లో కంట్రోలర్ పేరుతోనే ఒక ఫైలు కనిపిస్తే రైల్స్ అడగకుండానే దాన్ని వాడేస్తుంది. ఊరికే ప్రయోగం కోసం పెట్టిన ఫైలు ఒక సెక్షన్ మొత్తం రూపాన్ని మార్చేస్తుంది. ఎర్రర్ రాదు, లాగ్‌లో లేఅవుట్ పేరు ఉంటుంది గానీ అది ఎవరు చూస్తారు!

ఇక నా కథ. తప్పు నాదే, రైల్స్ మీద వేయను. ఫిర్యాదు పేజీ బరువుగా ఉందని ఫ్రాగ్మెంట్ క్యాషింగ్ పెట్టాను, అంటే ఒకసారి తయారైన ముక్కని దాచి మళ్లీ మళ్లీ వాడుకోవడం. వ్యూ మొత్తాన్ని ఒక క్యాష్ బ్లాకులో చుట్టేశాను. టైటిల్ పెట్టే కంటెంట్ ఫర్ లైను కూడా ఆ బ్లాకు లోపలికే వెళ్లింది. నా మెషీన్‌లో చూశాను, బాగుంది. పంపించాను. రెండు రోజులకు ఆఫీసు నుంచి ఫోను. "అమ్మా, ట్యాబులన్నీ ఒకే పేరుతో కనిపిస్తున్నాయి, ఏది ఏ ఫిర్యాదో తెలియట్లేదు" అన్నారు. పది ట్యాబులు తెరిచి పెట్టుకుని పనిచేసే మనిషి ఆయన. నేను వెంటనే తెరిచి చూశాను. నాకు పేరు సరిగ్గానే వచ్చింది. "మళ్లీ చూడండి సార్, బాగానే ఉంది" అన్నాను. "నాకు రావట్లేదమ్మా" అన్నారు. రీలోడ్ చేశాను. నాకూ పోయింది.

టెన్షన్ అప్పుడు మొదలైంది. ఎవరైనా ఫిర్యాదుని ఎడిట్ చేస్తే ఒక్కసారి పేరు సరిగ్గా వస్తుంది, తర్వాత మళ్లీ పోతుంది. ఏం జరుగుతోందో చూద్దామని టెంప్లేట్‌లో ఒక లైను కలిపి పంపితే, ప్రతి పేజీ ఒక్కసారి బాగుపడుతుంది. ఇంకో లైను కలిపి పంపితే మళ్లీ ఒక్కసారి బాగుపడుతుంది. నేను ముట్టుకున్నప్పుడల్లా నయమై, చెయ్యి తీయగానే తిరగబెట్టే జబ్బు.

ఆలోచిస్తే చాలా సింపుల్. మొదటిసారి క్యాష్‌లో ఏమీ లేదు, కాబట్టి బ్లాకు నిజంగా నడిచింది. కంటెంట్ ఫర్ కూడా నడిచింది, టైటిల్ వెళ్లింది. రెండోసారి అచ్చయిన హెచ్‌టీఎంఎల్‌ని క్యాష్ నుంచి తీసి పెట్టింది. లోపలి కోడ్ నడవనే లేదు, ఇక టైటిల్ ఎవరు పంపుతారు? ఫిర్యాదుని ఎడిట్ చేస్తే దాని అప్‌డేట్ సమయం మారుతుంది, క్యాష్ కీ (దాచినదాన్ని వెతికే పేరు) మారుతుంది, బ్లాకు మళ్లీ నడుస్తుంది. ఆ కీలో టెంప్లేటు రాత తాలూకు డైజెస్ట్ (రాత మారితే తానూ మారే చిన్న గుర్తు) కూడా ఉంటుంది. అందుకే నేను లైను కలిపినప్పుడల్లా జబ్బు నయమైంది. డెవలప్‌మెంట్‌లో క్యాషింగ్ మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది కాబట్టి నా మెషీన్‌లో అది కనిపించే అవకాశమే లేదు. కంటెంట్ ఫర్ డాక్యుమెంటేషన్‌లో ఈ సంగతి స్పష్టంగానే రాశారు, క్యాష్ చేసే వాటిలో దీన్ని వాడొద్దని. చదవలేదు. టైటిల్ లైనుని క్యాష్ బ్లాకు పైకి ఎక్కించాను, అయిపోయింది. అప్పటినుంచి ప్రతి వ్యూలో కంటెంట్ ఫర్ లైన్లన్నీ ఫైలు తలమీదే ఉంటాయి, ఇంకెక్కడా పెట్టను.

రెండర్ అనే మాటతో నాకు ఇంకా సర్దుబాటు కాలేదు. ఆ పేరు ఒక పని చేస్తున్నట్టు వినిపిస్తుంది, చేసేది ఇంకొకటి. క్రియేట్ యాక్షన్‌లో సేవ్ ఫెయిలైతే `రెండర్ :న్యూ` అంటాం. కొత్తవాళ్లు అందరూ దాన్ని "న్యూ యాక్షన్‌కి వెళ్లు" అని చదువుతారు. కాదు, న్యూ పేరున్న టెంప్లేటుని చూపించు అని మాత్రమే. న్యూ యాక్షన్‌లోని ఒక్క లైను కూడా నడవదు. మా ఫారంలో బిల్డింగుల డ్రాప్‌డౌన్ ఉంది, దాని లిస్టుని న్యూ యాక్షన్‌లో లోడ్ చేసేవాళ్లం. అన్ని గడులూ సరిగ్గా నింపినవాళ్లకు ఏ ఇబ్బందీ లేదు. ఫోన్ నంబరు మర్చిపోయి సబ్మిట్ కొట్టినవాళ్లకు మాత్రం "ఫోన్ నంబరు రాయండి" అనే మాటకు బదులు 500 ఎర్రర్ పేజీ. ఎందుకంటే క్రియేట్‌లో ఆ లిస్టు లేదు, నిల్ (ఏమీ లేదు అనే విలువ) మీద ఈచ్ (లిస్టులో ఒక్కొక్కటీ తీసే లూపు) పిలిచి పడిపోయింది. లిస్టు లోడ్ చేసే పనిని, యాక్షన్ కంటే ముందు నడిచే బిఫోర్ యాక్షన్‌కి మార్చి రెండు యాక్షన్లకూ తగిలించాం.

అలాగే రెండర్ అనగానే మెథడ్ ఆగిపోదు. కింద లైన్లు నడుస్తూనే ఉంటాయి. వాటిలో ఇంకో రెండరో, రీడైరెక్టో తగిలితే డబుల్ రెండర్ ఎర్రర్. రిటర్న్ రాయాల్సింది మనమే. రైల్స్ 7 వచ్చాక టర్బో (పేజీ మొత్తం రీలోడ్ కాకుండా మార్చే జావాస్క్రిప్టు లైబ్రరీ) డిఫాల్ట్ అయింది, దాంతో ఇంకొకటి కలిసింది. ఫెయిలైన ఫారంని మళ్లీ చూపించేటప్పుడు స్టేటస్ 422 (పంపినది సరిగ్గా లేదు) అని చెప్పాలి. మామూలు 200 (అంతా బాగుంది)తో పంపితే టర్బో దాన్ని పేజీలో పెట్టదు. బటన్ నొక్కినవాళ్లకు ఏమీ జరగనట్టే ఉంటుంది, ఎర్రర్ బ్రౌజర్ కన్సోల్లో మాత్రమే కనిపిస్తుంది. ఇప్పటి స్కాఫోల్డ్ కోడ్‌లో (రైల్స్ తానే రాసిచ్చే మొదటి కోడ్) ఆ స్టేటస్ ముందే ఉంటుంది. పాత అప్లికేషన్‌ని ముందుకు తెచ్చేవాళ్లు ఒక్కో ఫారం దగ్గర కూర్చుని కలపాల్సిందే. మేం ఒక శనివారం మొత్తం కలిపాం.

పార్షియల్స్ దగ్గర నా అసలు ఫిర్యాదు. లేదా, ఉండేది. అండర్‌స్కోర్‌తో మొదలయ్యే చిన్న ఫైలు, ఎక్కడ కావాలంటే అక్కడ పిలుచుకోవచ్చు, వినడానికి బాగుంటుంది. కానీ కంట్రోలర్‌లో పెట్టిన ఇన్‌స్టెన్స్ వేరియబుల్స్ అన్నీ వ్యూలోకి, అక్కడినుంచి ప్రతి పార్షియల్‌లోకి దారి అడగకుండా వచ్చేస్తాయి. అందుకని రాసేటప్పుడు ఎవరికీ ఒళ్లు వంగదు, చేతికందిన వేరియబుల్ వాడేస్తారు. ఆ పార్షియల్‌ని రెండో పేజీలో పిలిస్తే అక్కడ ఆ వేరియబుల్ నిల్. ఈమెయిల్ టెంప్లేట్‌లో పిలిస్తే అక్కడా నిల్. ఏ పార్షియల్‌కి ఏమేం కావాలో తెలుసుకోవాలంటే మొత్తం చదవడం తప్ప దారి లేదు. లోకల్స్ (పిలిచేటప్పుడు పేరుపెట్టి ఇచ్చే విలువలు) పంపినా, ఒకటి మర్చిపోతే అది వాడే లైను నడిచినప్పుడే తెలుస్తుంది. ఆ లైను ఒక ఇఫ్ లోపల ఉంటే ఎప్పటికో.

2023 అక్టోబరులో వచ్చిన 7.1 వెర్షన్‌లో దీనికి మందు దొరికింది. స్ట్రిక్ట్ లోకల్స్ అంటారు. పార్షియల్ మొదట్లో ఒక కామెంటు: `<%# లోకల్స్: (ఫిర్యాదు:, చిన్నగా: ఫాల్స్) -%>`. అంతే. ఇప్పుడు ఫిర్యాదు ఇవ్వకుండా పిలిస్తే అక్కడికక్కడే ఎర్రర్. లేని పేరు ఇచ్చినా ఎర్రర్. చిన్నగా అనేది ఇవ్వకపోతే ఫాల్స్ అనుకుంటుంది. మెథడ్‌కి ఉన్నట్టే పార్షియల్‌కి ఒక సంతకం వచ్చింది. ఇన్నేళ్లు ఎందుకు ఆగారో గానీ, 2004లో బయటికొచ్చిన ఫ్రేమ్‌వర్క్‌లో నాకు బాగా పనికొచ్చిన మార్పు ఇదే. ఇన్‌స్టెన్స్ వేరియబుల్స్ మాత్రం ఇప్పటికీ దూరుతూనే ఉంటాయి, వాటిని ఈ కామెంటు ఆపదు.

ఎస్కేపింగ్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. 3.0 వెర్షన్ నుంచి, అంటే 2010 నుంచి, అన్నీ డిఫాల్ట్‌గా ఎస్కేప్ అవుతాయి. ఫిర్యాదులో ఎవరైనా స్క్రిప్టు ట్యాగు రాసినా అది అక్షరాలుగానే కనిపిస్తుంది, నడవదు. మీ టీములో ఎవరైనా లైన్ బ్రేకులు రావడం లేదని 'రా' (ఎస్కేప్ చేయొద్దని చెప్పే హెల్పర్) అని పెడితే మాత్రం అక్కడే ఆపండి. దానికి సింపుల్ ఫార్మాట్ అనే హెల్పర్ ఉంది. ఇంకొకటి, కోడ్‌ని ఆపేద్దామని హెచ్‌టీఎంఎల్ కామెంటులో పెడితే అది ఆగదు. పేజీలో కనిపించదు గానీ సర్వర్లో శుభ్రంగా నడుస్తుంది, డేటాబేస్‌ని కూడా పిలుస్తుంది.

పెద్దగా ఎవరూ మెచ్చుకోని రెండు విషయాలు నాకు ఇష్టం. ఒకటి, టెంప్లేట్లని వెతకడంలో వారసత్వం. ఆఫీసు కంట్రోలర్లన్నీ ఒక ఆఫీసు బేస్ కంట్రోలర్ నుంచి వస్తే, పార్షియల్ ముందు సొంత ఫోల్డర్లో, లేకపోతే బేస్ ఫోల్డర్లో, అక్కడా లేకపోతే అప్లికేషన్ ఫోల్డర్లో వెతుకుతుంది. "ఇక్కడ ఇంకా ఏమీ లేవు" అని చెప్పే పార్షియల్‌ని అప్లికేషన్ ఫోల్డర్లో ఒక్కటి పెట్టాను. ఫిర్యాదుల సెక్షన్‌కి వేరే మాట కావాలంటే దాని ఫోల్డర్లో అదే పేరుతో ఇంకో ఫైలు. ఎక్కడా ఇఫ్ లేదు. రెండు, 6.1లో వచ్చిన సెట్టింగ్. డెవలప్‌మెంట్ కాన్ఫిగ్‌లో ఒక లైను ఆన్ చేస్తే పేజీ సోర్సులో ప్రతి టెంప్లేటు ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో ఫైలు పేరుతో సహా కామెంట్లుగా వస్తుంది. కొత్తగా చేరినవాళ్లకు మొదటిరోజు నేను చూపించేది ఇదే.

వేగం మీద ఒక్క ముక్క. లిస్టు పేజీలో ఈచ్ లూపు పెట్టి లోపల పార్షియల్ పిలవకండి, కలెక్షన్‌ని నేరుగా రెండర్‌కి ఇవ్వండి. టెంప్లేటుని ఒక్కసారే వెతుక్కుంటుంది. మా లాగ్‌లో ఒకే పార్షియల్ పేరుతో 300 లైన్లు వచ్చేవి, ఇప్పుడు "కలెక్షన్, 300 సార్లు" అని ఒక్క లైను. అయినా పేజీ నెమ్మదిగానే ఉంటే తప్పు టెంప్లేట్లది కాకపోవచ్చు. వరసకొక డేటాబేస్ క్వెరీ కొడుతున్నారేమో చూసుకోండి.

హ్యామల్, స్లిమ్ లాంటి వేరే టెంప్లేటు భాషలు కొన్నాళ్లు వాడాను. తక్కువ టైపింగ్, నిజమే, కానీ డిజైనర్ పంపిన హెచ్‌టీఎంఎల్‌ని ప్రతిసారీ మార్చుకుంటూ కూర్చోవాలి. రైల్స్ మామూలుగా వాడే ఈఆర్‌బీకి తిరిగొచ్చాను. గిట్‌హబ్ వాళ్ల వ్యూ కాంపొనెంట్ (పేజీ ముక్కల్ని రూబీ క్లాసులుగా రాసే లైబ్రరీ) మంచిదే. పెద్ద టీము, ఒకే బటన్ రెండు వందల చోట్ల అయితే దాన్ని చూడండి. ఇద్దరం ఉన్న మాకు స్ట్రిక్ట్ లోకల్స్ చాలు.

అయిదుకి నాలుగు ఇస్తాను. లేఅవుట్ వరకే అడిగితే అయిదుకి అయిదు. పోయిన ఆ ఒక్కటీ రెండర్ అనే పేరుకీ, ఇన్నేళ్ల సంతకం లేని పార్షియల్స్‌కీ. వాటి లెక్క చెప్తానన్నాను కదా, నిన్నటికి 137. స్ట్రిక్ట్ లోకల్స్ రాసినవి 96. మిగిలిన 41లో ఒకటి ఫిర్యాదు కార్డు. ఎనిమిది పేజీల్లో వాడుతున్నాం, లోపల అయిదు ఇన్‌స్టెన్స్ వేరియబుల్స్ ఉన్నాయి. దాన్ని రేపు తెరుస్తాను అని మూడు వారాలుగా అనుకుంటున్నాను.